మొదటి ఆట చూసినవాళ్ల మాట ఆపకండి: తెలుగు సినిమా నిర్మాతలకు బహిరంగ లేఖ

తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్ పెద్దలకు, నిర్మాతలకు, పంపిణీదారులకు

నమస్కారం.

సినిమా విడుదలైన మొదటి మూడు రోజులూ ఎవరూ రివ్యూలు చెప్పకూడదన్న మాట మన పరిశ్రమలో మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. ప్రెస్‌మీట్లలో కొందరు కోపంగా అంటున్నారు, కొందరు బతిమాలుతున్నట్టు అంటున్నారు. ఈ మధ్య కొన్ని సినిమాలకు టికెట్ యాప్ తెరిస్తే, రేటింగ్ ఉండాల్సిన చోట కోర్టు ఉత్తర్వుల వల్ల రేటింగులు, రివ్యూలు ఆపేశామన్న వాక్యం కనిపించింది. అది చూశాక మీకు రాయాలనిపించింది. నేను విమర్శకురాలిని కాను. నాకు యూట్యూబ్ ఛానల్ లేదు. కాకినాడలో ఉంటాను. ఇంట్లోవాళ్లతో కలిసి టికెట్ కొనుక్కుని సినిమాకి వెళ్తాను, వచ్చాక ఎలా ఉందో మా వాళ్లకి రాస్తాను. మీరు ఆపాలంటున్న మాటల్లో నా మాట కూడా ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో చాలా ఏళ్లుగా ఒక అలవాటు నడుస్తోంది. ఎవరు ఏ సినిమా చూసినా, థియేటర్లో గానీ ఓటీటీలో గానీ, ఆ రాత్రికి నాలుగు ముక్కలు రాసి ఐదు మార్కులకి ఎన్నో వెయ్యాలి. పెళ్లి ఫొటోలు, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్యలో ఈ మార్కులు వస్తుంటాయి. మా పిన్ని ఇలా రాస్తుంది: "పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. ఇంటర్వెల్ ముందు ఫైట్‌లో రక్తం ఎక్కువైంది, ఆ కాసేపూ చిన్నదాని కళ్లు మూశాను. పాట ఒక్కటీ గుర్తులేదు. తల్లి వేషం వేసినావిడ బాగా చేసింది. మూడు." మా మరిది రెండు ముక్కల్లో తేల్చేస్తాడు: "ఫస్టాఫ్ ల్యాగ్, సెకండాఫ్ ఓకే. రెండు ముప్పావు." మా మామగారు అంకెలు వెయ్యరు. "బాగానే తీశాడు" అని రాశారంటే మా లెక్కలో నాలుగు. "చూడొచ్చులే" అంటే రెండున్నర. ఏమీ రాయలేదంటే మధ్యలో లేచి వచ్చేశారని అర్థం. అమెరికాలో ఉన్న మా వదిన వాళ్ల చెల్లెలు మనకంటే ఒక పూట ముందే ప్రీమియర్ చూసి, మనం ఇక్కడ నిద్ర లేచేసరికి మార్కులు పెట్టేస్తుంది. కథ మాత్రం ఎవరూ చెప్పకూడదు. అది గ్రూపులో గట్టి నియమం. ఒకసారి కుర్రాడొకడు క్లైమాక్స్ ట్విస్ట్ రాసేస్తే పెద్దవాళ్లంతా కలిసి మందలించారు.

ఈ మాటల మీద ఆధారపడి మేం నిజమైన నిర్ణయాలు తీసుకుంటాం. మా ఆడపడుచుకి మైగ్రేన్ ఉంది. చెవులు గింగురుమనే సౌండ్ ఉన్న సినిమాకి వెళ్తే రెండు రోజులు మంచం దిగదు. కాబట్టి తనకి కథ కంటే ముందు సౌండ్ సంగతి కావాలి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి సినిమా ఎంతసేపుందో తెలియాలి, మూడు గంటలు దాటితే ఆవిడ ఇంటి దగ్గర ఉండిపోతారు. సెన్సార్ బోర్డు 2024లో యూఏ సర్టిఫికెట్‌ని పిల్లల వయసుని బట్టి 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడదీసింది. మంచి పనే చేసింది. అయినా పదేళ్ల పిల్లని వెంటబెట్టుకు వెళ్లే తల్లికి ఇంకా కొన్ని సంగతులు తెలియాలి. నాయనమ్మ పక్కన కూర్చుంటే తలదించుకోవాల్సిన డైలాగులున్నాయా, రాత్రి పిల్ల ఉలిక్కిపడి లేచే సీన్లున్నాయా, ఐటమ్ పాట ఎలా తీశారు. ఇవి పోస్టరు మీద ఉండవు, ట్రైలర్లో ఉండవు, ప్రీ రిలీజ్ వేదిక మీద ఎవరూ చెప్పరు. ముందు వెళ్లొచ్చిన మరో తల్లి చెప్పాలి. అది మొదటి రోజే చెప్పాలి, ఎందుకంటే మేం వెళ్లేది ఆదివారం.

ఇంకో సంగతి. మా మరిదికి హారర్ సినిమాలంటే ఎలర్జీ. అతను హారర్ సినిమాకి రెండున్నర వేశాడంటే ఆ సినిమా బాగా భయపెట్టిందని నాకు అర్థమవుతుంది, నేను వెళ్తాను. మా పిన్నికి పల్లెటూరి కథ ఏదైనా ముందే మూడు పడిపోతుంది, ఆ మూడుని నేను రెండుగా చదువుకుంటాను. తన అభిమాన హీరో సినిమాకి మా బావగారు నాలుగు వేస్తే ఎవరూ పట్టించుకోరు. అదే హీరో సినిమాకి ఆయన రెండు వేసిన రోజున మాత్రం గ్రూపంతా ఆగిపోతుంది. ఏళ్ల తరబడి కలిసి సినిమాలు చూసి, వాటి గురించి వాదించుకుని, ఒకరి ఇష్టాలు ఒకరికి తెలిసిపోవడం వల్ల ఆ అంకెలకి అర్థం వచ్చింది. మేం నమ్మేది అంకె వేసిన మనిషిని.

మీరు పోరాడుతున్నదేమో మనిషి కనిపించని అంకెతో. యాప్‌లో పదికి నాలుగో, వెబ్‌సైట్‌లో ఐదుకి రెండుంపావో చూసి మీకు టెన్షన్ వస్తోంది. ఆ అంకెను కోర్టు ద్వారా ఆపిస్తే నష్టం ఆగుతుందని అనుకుంటున్నారు. మా ఇంట్లో అయితే ఆ అంకె చూసి సినిమా మానుకున్న సందర్భం నాకు గుర్తులేదు. ఆ అంకె చూసి టికెట్ కొన్న సందర్భమూ గుర్తులేదు. రేటింగ్ కనిపించని రోజున మేం చేసిందల్లా, ఆఫీసులో పక్క సీటులో కూర్చునే ఆవిడని అడగడం. ఆవిడ తమ్ముడు బెనిఫిట్ షో చూసొచ్చాడు. మీ కోర్టు ఉత్తర్వు ఆవిడ తమ్ముడిదాకా రాదు.

దొంగ రేటింగులు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి, బాగా ఉన్నాయి. మొదటి ఆట పడకముందే ఒకటి వేసేవాళ్లున్నారు. ఒక హీరో అభిమానులు ఇంకో హీరో సినిమాని తొక్కడానికి గుంపుగా వచ్చిపడటం చూస్తున్నాం. కులం పేరు తెచ్చి, నటీనటుల ఇళ్లలో ఆడవాళ్ల పేర్లు తెచ్చి రాసే రాతలు చదివితే మాకే కడుపు రగులుతుంది, మీకెలా ఉంటుందో ఊహించగలను. రెండు మూడేళ్లు కష్టపడి తీసిన సినిమాని చూడనైనా చూడకుండా చెత్త అని రాసేవాడి మీద మీకు కోపం రావడం న్యాయం. అలాంటివాళ్ల మీద కేసులు పెడితే మేం చప్పట్లు కొడతాం.

అయితే దొంగ రాతలు ఒక్క వైపు నుంచే రావడం లేదని మీకూ తెలుసు. సినిమా సగం కూడా పూర్తికాని వేళకి, ఎక్కడెక్కడో ఖాతాల్లో ఒకే వాక్యం, అవే బొమ్మలతో, "ఊచకోత" అనీ "బ్లాక్‌బస్టర్" అనీ పడుతుంటుంది. మర్నాడు సాయంత్రానికి సక్సెస్ మీట్. ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని సినిమా చూసొచ్చినవాళ్లు ఇంటికొచ్చి టీవీలో ఆ సక్సెస్ మీట్ చూస్తారు. డబ్బిచ్చి రాయించిన పది పొగడ్తలు పోగేస్తే, ఆ పక్కనే నిజంగా నచ్చి రాసిన ఒక పొగడ్తని కూడా జనం నమ్మడం మానేస్తారు. నిజంగా బాగున్న సినిమాకి దీనివల్ల జరిగే అన్యాయం చాలా పెద్దది. మా మామగారి "బాగానే తీశాడు"కి మా ఇంట్లో ఉన్న విలువ, వంద ప్రచార పోస్టులకి లేకపోవడానికి కారణం ఇదే.

ఒక మాట మీరు నమ్మాలి. పండగ పూట పిల్లల్ని తయారుచేసి, ఆటో మాట్లాడుకుని, సినిమా రోడ్డులో ఆ జనంలోంచి నడిచి, పాప్‌కార్న్‌తో సహా ఒక వారం కూరగాయల ఖర్చంత పెట్టి హాల్లో కూర్చున్న కుటుంబం ఆ సినిమా బాగోకూడదని కోరుకోదు. లైట్లు ఆరగానే మా అందరి ఆశా ఒకటే, ఈ పూట బాగుండాలి అని. కాస్త బాగున్నా సర్దుకుంటాం. ఒక మంచి పాట, కడుపుబ్బ నవ్వించిన ఒక కామెడీ సీను, ఒక ముసలి నటుడి నటన ఉంటే చాలు, మిగతాది క్షమించేస్తాం. అంత ఆశతో వెళ్లినవాళ్లు బయటికొచ్చి "బాలేదు" అంటే ఆ మాట వాళ్లకి కూడా కష్టమే. దాన్ని దొంగ రేటింగుతో కలిపి ఒకే గాటన కట్టేయకండి.

పక్క రాష్ట్రాల్లో ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. కేరళలో 2023లో ఈ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ ఏడాది అక్టోబరులో కొచ్చి పోలీసులు కొందరు ఆన్‌లైన్ రివ్యూకారుల మీద కేసు కూడా పెట్టారు. విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు రివ్యూలు ఇవ్వకుండా ఉండాలని కోర్టుకి సాయపడిన న్యాయవాది 2024లో సూచించారు. తమిళ నిర్మాతలు అదే ఏడాది నవంబరులో థియేటర్ ఆవరణల్లో యూట్యూబ్ వాళ్లని రానివ్వొద్దన్నారు, మూడు రోజులు రివ్యూలు ఆపాలని మద్రాసు హైకోర్టుకి వెళ్లారు. డిసెంబరులో కోర్టు తాత్కాలికంగానైనా నిషేధించడానికి ఒప్పుకోలేదు. అభిప్రాయం చెప్పడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, అది పౌరుడు సినిమా టికెట్ కొన్నంత మాత్రాన పోదు. రివ్యూలే ఆపించే ఆ దారిలో మన తెలుగు నిర్మాతలు వెళ్లకుండా ఉంటే బాగుంటుందని నా కోరిక.

ఆ మూడు రోజుల గురించే ఇంకాస్త చెప్పనివ్వండి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. మమ్మల్ని మాట్లాడొద్దంటున్న ఆ రోజుల్లోనే టికెట్ ధర పెంచుకోనివ్వమని మీరు ప్రభుత్వాలకి అర్జీలు పెడుతున్నారు. 2024 డిసెంబరులో ఒక భారీ సినిమా ప్రీమియర్‌కి మామూలు ధర మీద మరో 800 రూపాయలు వేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకుంది. 2025 సెప్టెంబరులో ఇంకో సినిమా బెనిఫిట్ షో టికెట్‌ని 1000 రూపాయలకి అమ్ముకోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతిచ్చింది. సరుకు ధర పెంచిన రోజే సరుకు ఎలా ఉందో అడగొద్దంటే ఎలాగండీ? చీరల కొట్లో కూడా చీర విప్పి చూపించాకే డబ్బు అడుగుతారు. సినిమా విప్పి చూపించడానికి వీల్లేదు, నిజమే. అందుకే ముందు చూసినవాళ్ల మాట మాకు అంత అవసరం.

ధర పెరిగేకొద్దీ ఆ మాట మీద ఆధారపడటం కూడా పెరుగుతుంది. దీన్ని మీరు పట్టించుకోవడం లేదని నాకు అనిపిస్తోంది. టికెట్ వంద లోపు ఉంటే, సాయంత్రం ఏమీ తోచక, ఎవర్నీ అడక్కుండా హాలుకి వెళ్లిపోతాం. బాలేకపోతే పోయింది వందేగా అనుకుంటాం. ఆ ధరలో ఎన్నో మామూలు సినిమాలు హాయిగా బతికాయి. ఇంటిల్లిపాదికీ కలిపి రెండు వేలు దాటుతుందంటే ఎవరైనా నలుగురిని అడక్కుండా అడుగు వేస్తారా? పైగా నాలుగైదు వారాలాగితే అదే సినిమా ఇంట్లో టీవీలోకి వచ్చేస్తుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, ఆపైన ధరకి 18 శాతమే ఉంది. వంద లోపు సీట్లు ఎక్కువ పెట్టి చూడండి. మా గ్రూపులో మార్కుల కోసం ఎదురుచూడకుండా బయల్దేరేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకే తెలుస్తుంది.

మొదటి రోజే చూడాలన్న ఆ తొందర ఎంత దూరం వెళ్లిందో కూడా చూశాం. ఆ 2024 డిసెంబరు ప్రీమియర్ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. నాలుగు రోజులాగి, ఎలా ఉందో తెలుసుకుని, పిల్లలతో నిదానంగా వెళ్దాం అనుకునే ప్రేక్షకుడు మీకు శత్రువు ఎలా అవుతాడు? అలాంటివాడే కదా సినిమాని రెండో వారంలోనూ నిలబెట్టేది.

మా అమ్మావాళ్ల కాలంలో సినిమా ముందు పెద్ద ఊళ్లలో ఆడేది. ఆ ప్రింటే తర్వాత బీ సెంటర్లకి, అంటే చిన్న పట్టణాలకి, ఆఖరున పల్లెల్లోని టూరింగ్ టాకీసులకి వెళ్లేది. కాకినాడలోనో రాజమండ్రిలోనో పెళ్లికి వెళ్లి సినిమా చూసొచ్చినవాళ్ల మాట, సినిమా కంటే వారాల ముందే ఊరికి చేరేది. అరుగుల మీద కథంతా చెప్పేసేవాళ్లు, పాటలు పాడేసేవాళ్లు. అప్పట్లో ఎవరూ ఆ నోళ్లు మూయించాలనుకోలేదు, ఆ మాటల వల్లే సినిమాలు యాభై రోజులు, వంద రోజులు ఆడాయి. ఇప్పుడు అన్ని ఊళ్లలో ఒకే రోజు విడుదల. పంపిణీదారులు ముందే కట్టే అడ్వాన్సులు, మినిమమ్ గ్యారంటీలు అన్నీ మొదటి వారాంతం మీదే వేలాడుతున్నాయి. ఆదివారం రాత్రికల్లా డబ్బు వెనక్కి రావాలి. మీ భయం అర్థమవుతోంది. కానీ వ్యాపారాన్ని మూడు రోజులకి కుదించింది మేం కాదు. కుదించినందువల్ల వచ్చే ప్రమాదాన్ని మా నోరు కట్టేసి తప్పించుకోవాలనుకోవడం సరికాదు.

మాట వల్ల సినిమాలు పోవడమే మీకు కనిపిస్తోంది. మాట వల్ల బతికినవాటిని గుర్తు చేసుకోండి. 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చినప్పుడు అందులో మాకు తెలిసిన ముఖం లేదు. విశాఖలోని ఆ పేటవాళ్లే చాలామంది నటించారు. అలాంటి సినిమాకి మమ్మల్ని పంపించింది పోస్టరు కాదు, చూసొచ్చినవాళ్లు. 2023 మార్చిలో వచ్చిన బలగం సంగతి చెప్పక్కర్లేదు. చావింట్లో జరిగే కథ, కాకి పిండం ముట్టకపోవడం చుట్టూ తిరిగే కథ. ఆ మాట మాత్రం చెప్పి ప్రచారం చేస్తే ఎవరు వెళ్తారు? కానీ చూసొచ్చిన అన్న తమ్ముడికి ఫోన్ చేసి "నువ్వు చూడాలి" అన్నాడు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కలిసి కూర్చుని చూశారు, ఏడ్చారు. 2025 జులైలో మహావతార్ నరసింహ అనే యానిమేషన్ సినిమా వచ్చింది. హీరో లేడు, మొదటి రోజు వసూళ్లు కొద్దిగానే. రోజురోజుకీ హాళ్లు నిండుతూ వెళ్లాయి. మా అత్తగారు మోకాళ్ల నొప్పి పక్కనపెట్టి మరీ బయల్దేరారు, ఎదురింటావిడ చెప్పిందని. ఈ సినిమాలకి మొదటి మూడు రోజులు జనం మాట్లాడకుండా ఉండుంటే నాలుగో రోజుకి వాటికి హాలు మిగిలేదా? పెద్ద సినిమాకి కోట్లు పెట్టి ప్రచారం చేసుకునే శక్తి ఉంటుంది. చిన్న సినిమాకి మొదటి ఆట చూసినవాళ్లే ప్రచారం. నిషేధం వస్తే ముందుగా ప్రాణం పోయేది ఆ చిన్న నిర్మాతకే, ఆయన కూడా మీ ఛాంబర్ సభ్యుడే.

జనం మాట ఒక్కోసారి పొరపాటు పడుతుంది, అదీ ఒప్పుకుంటాను. 2010 అక్టోబరులో ఖలేజా వచ్చినప్పుడు బాలేదన్నారు. తర్వాత టీవీలో పదే పదే చూసి, డైలాగులు కంఠతా పట్టి, 2025 మేలో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నింపారు. ఆనాడు నష్టపోయినవాళ్లకి ఈనాటి చప్పట్లు ఊరటనివ్వవు. కానీ ఆ పొరపాటుని దిద్దిందెవరు? కోర్టు దిద్దలేదు, ప్రచారం దిద్దలేదు. ప్రేక్షకులే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, "మళ్లీ చూడు, అప్పుడు సరిగ్గా చూడలేదు" అని చెప్పుకుంటూ దిద్దుకున్నారు. మాట్లాడుకోనిస్తేనే ఆ దిద్దుబాటు జరుగుతుంది.

మరి దొంగ రేటింగుల్ని ఏం చెయ్యాలి? దారులు ఉన్నాయి. అమెరికాలో రాటెన్ టొమాటోస్ అనే వెబ్‌సైట్‌కి ఇదే సమస్య వచ్చింది, విడుదల కాకముందే గుంపులుగా వచ్చి సినిమాని దింపేసేవారు. 2019లో వాళ్లు విడుదలకి ముందు వ్యాఖ్యలు రాసే వీలు తీసేశారు. టికెట్ కొన్నట్టు రుజువున్న ప్రేక్షకుల రేటింగుల్ని వేరుగా చూపించడం మొదలుపెట్టారు. ఐఎండీబీ అనే ఇంకో సినిమా వెబ్‌సైట్ అన్ని ఓట్లకీ ఒకే బరువు ఇవ్వకుండా సగటు కడుతుంది. మన దేశంలోనే 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసింది అసలు మనిషేనా అని సరిచూడాలనీ, డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదనీ అది చెబుతోంది. టికెట్ యాపుల దగ్గర ఎవరు ఏ ఆటకి టికెట్ కొన్నారో లెక్కంతా ఉంటుంది. కొన్నవాళ్లకే, అదీ ఆట అయిపోయిన తర్వాతే, రేటింగ్ వేసే వీలు ఇవ్వమని మీరు అడగండి. ఒకే ఖాతా నుంచి వందల టికెట్లు కొని వేయించే మార్కుల్ని లెక్కలోంచి తీసెయ్యమనండి. ఆ పనికి మీరు కోర్టుకి వెళ్తే, మేమూ మీ వెంట ఉంటాం.

కౌంటర్‌లో టికెట్ కొనేవాళ్లని మాత్రం మరిచిపోకండి. పిఠాపురంలోనో తునిలోనో పని ముగించుకుని సెకండ్ షోకి వెళ్లే ఆటో డ్రైవర్ యాప్‌లో బుక్ చెయ్యడు. అతనికి నచ్చినా నచ్చకపోయినా ఆ అంకెలో అతను లేడు. మాస్ సినిమాలకి రేటింగ్ తక్కువ వస్తోందని మీరు వాపోతుంటారు కదా, దానికి ఒక కారణం ఇక్కడుంది. కౌంటర్ టికెట్ మీద ఒక కోడ్ ముద్రించి, ఫోన్‌తో స్కాన్ చేసి మార్కు వేసే ఏర్పాటు చెయ్యడం ఇవాళ పెద్ద ఖర్చేమీ కాదు. అప్పుడు మీకూ నిజమైన చిత్రం తెలుస్తుంది.

అభిప్రాయం చెప్పిన వీడియోల మీద కాపీరైట్ ఫిర్యాదులు పెట్టి తీయించడం కూడా మానుకోవాలని కోరుతున్నాను. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. ట్రైలర్లోని ఒక బొమ్మ పెట్టి "నాకు నచ్చలేదు" అన్న కుర్రాడి వీడియో తీయించడం, పొగిడిన వీడియోలో అదే బొమ్మ ఉంటే వదిలెయ్యడం ఏ న్యాయం? హాల్లో తెరని ఫోన్‌తో రికార్డు చేసేవాడి సంగతి వేరు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం దానికి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 3 లక్షలకి తగ్గని జరిమానా ఉన్నాయి. అది దొంగతనం. పక్క సీటులో ఎవరైనా ఆ పని చేస్తుంటే మేం వారిస్తాం, మా గ్రూపులో ఎవరైనా అలాంటి క్లిప్ పెడితే తీసెయ్యమంటాం. అది మా బాధ్యత, ఒప్పుకుంటున్నాం. ఇష్టమున్నట్టు తిట్టడం, నటుల ఇంటివాళ్ల జోలికి వెళ్లడం, కథ బయటపెట్టెయ్యడం కూడా తప్పే. అలాంటివి చూసినప్పుడు తోటి ప్రేక్షకులుగా మేం అడ్డుచెప్పాలి, చెబుతున్నాం కూడా.

మిమ్మల్ని అడిగేవి కొన్నే. వచ్చే సంక్రాంతి సినిమాల తేదీలు ప్రకటించే లోపే ఛాంబర్, థియేటర్ యజమానులు, టికెట్ యాపుల వాళ్లు కూర్చుని, టికెట్ చూపించినవాళ్లకే రేటింగ్ అన్న పద్ధతి మీద ఒక నిర్ణయానికి రండి. రేటింగుల్ని ఆపించడానికి కోర్టుకి వెళ్లిన సభ్యులు ఎందుకు వెళ్లారో ప్రేక్షకులకి బహిరంగంగా చెప్పండి. మీ సినిమాల గురించి డబ్బు తీసుకుని రాసే ఖాతాలు, ఛానళ్లు తాము డబ్బు తీసుకున్నామని ఆ పోస్టు మీదే రాయాలని మీ ఒప్పందాల్లో చేర్చండి. ఆ కూర్చునే సమావేశానికి ప్రేక్షకుల్లోంచి కూడా నలుగురిని పిలవండి. అభిమాన సంఘాల అధ్యక్షుల్ని కాకుండా, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆదివారం మ్యాట్నీకి వచ్చే తల్లుల్ని, కౌంటర్‌లో టికెట్ కొనేవాళ్లని పిలవండి. నన్ను పిలిచినా వస్తాను. మా పిన్నిని కూడా తీసుకొస్తాను.

ఇట్లు,
టికెట్ కొని మీ సినిమాలు చూసే ఒక ప్రేక్షకురాలు,
కాకినాడ